జుక్కల్‌ దాకా రావాల్సిన పాఠం

పార్లమెంటు చేసిన ఒక చట్టంలో జుక్కల్‌ పేరుంది. 1956లో రాష్ట్రాలను భాషల వారీగా విడదీసినప్పుడు నాందేడ్‌ జిల్లాను బొంబాయి రాష్ట్రంలో కలుపుతూ కొన్ని సర్కిళ్లను మాత్రం పక్కకు తీశారు. దెగ్లూర్‌ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్‌ సర్కిళ్లు వాటిలో ఉన్నాయి. అలా అప్పటిదాకా నాందేడ్‌ జిల్లాలో ఉన్న ఈ ఊళ్లు తెలుగు రాష్ట్రంలోకి వచ్చి నిజామాబాద్‌ జిల్లాలో చేరాయి. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు పుట్టినప్పుడు కామారెడ్డి జిల్లాకు మారాయి. ఇప్పుడు జుక్కల్‌ బాన్సువాడ రెవెన్యూ డివిజన్‌లో ఒక మండల కేంద్రం. అసెంబ్లీకి ఎస్సీ రిజర్వుడు స్థానం, లోక్‌సభకు జహీరాబాద్‌ పరిధి. ఒక పక్క మహారాష్ట్ర, ఇంకో పక్క కర్ణాటక. కౌలాస్‌ కోట ఈ మండలంలోదే, మంజీరలో కలిసే కౌలాస్‌ నాలా మీద కట్టిన ప్రాజెక్టూ ఇక్కడిదే. ఖండెబల్లూర్‌, సావర్‌గావ్‌, హంగర్గ, పెద్దఎడ్గి అంటూ ఊళ్ల పేర్లు చదువుతూ పోతే మూడు భాషలు వరసగా పలకరిస్తాయి. సోయా, పత్తి, కంది, పెసర, మినుము పండే నేల ఇది. ఇంట్లో మరాఠీ, అంగడిలో తెలుగు, వియ్యాలవారి ఊళ్లో కన్నడ, తండాలో లంబాడీ, పాత కాగితాల్లో ఉర్దూ. ఇక్కడివాళ్లకు ఇదేమీ వింత కాదు.

కాగితం మీద జిల్లాలు మారాయిగానీ, పానం బాగలేనప్పుడు జనం పట్టే తొవ్వలు మారలేదు. కొందరు దెగ్లూర్‌, ఉద్గీర్‌ పోతారు, పెద్ద డాక్టరంటే నాందేడ్‌. కొందరు ఔరాద్‌ మీదుగా బీదర్‌. ఇటువైపు బిచ్కుంద, బాన్సువాడ, నిజామాబాద్‌. అక్కడా కాదంటే హైదరాబాద్‌. ఏ రోగి ఇంట్లోనైనా దూలానికి వేలాడే ప్లాస్టిక్‌ సంచీ దించి చూడండి. నాందేడ్‌ డాక్టరు రాసిన చీటీ, బీదర్‌లో తీయించిన ఎక్స్‌రే, బాన్సువాడ దవాఖాన ఓపీ కాగితం ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఒక రాష్ట్రపు ఉచిత వైద్యం కార్డు ఇంకో రాష్ట్రంలో పనిచేయకపోతే చేతి డబ్బులే. సంచీ అడుగున సగం వాడి వదిలేసిన గోలీల పట్టీలుంటాయి. బీపీవి, షుగరువి. ‘మంచిగనే ఉన్న కద బిడ్డా, ఇంకెందుకు మింగుడు?’ అని అడుగుతుంది ఆ గోలీలు మింగాల్సిన అవ్వ.

ఆ అవ్వ ప్రశ్నే ఒక శాస్త్రానికి పునాది. జబ్బు తెలిసింది, మందు చేతిలో ఉంది, అది ఊరికే దొరికింది కూడా. అయినా మనిషి ఎందుకు మింగడు? దాన్ని వెతికేదాన్ని హెల్త్‌ సైకాలజీ అంటారు, తెలుగులో ఆరోగ్య మనోవిజ్ఞానం. దాన్నే బతుకుదెరువుగా చేసుకున్న మనిషి యూనివర్సిటీ లెక్చరర్‌. హోదా పేరు అసిస్టెంట్‌ ప్రొఫెసర్‌ అయినా మన ఊళ్లలో లెక్చరర్‌ సారు, లెక్చరర్‌ మేడమే. జుక్కల్లో అలాంటి యూనివర్సిటీ లేదు. జిల్లాలో ఉన్నది భిక్కనూరులోని తెలంగాణ విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణం. హెల్త్‌ సైకాలజీకంటూ ప్రత్యేకంగా పెట్టిన చదువు కావాలంటే హైదరాబాద్‌ గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయానికి పోవాలి. ఆ పాఠం ఎలా సాగుతుందో, దాన్ని చెప్పేవాళ్ల రోజు ఎలా గడుస్తుందో చూస్తే, దానికి అత్యవసరమైన ఊరు జుక్కలే అనిపిస్తుంది. ఈ కథనం రాయడానికి కారణం అదే.

1974లో ఏర్పడిన హైదరాబాద్‌ విశ్వవిద్యాలయంలో 2007లో హెల్త్‌ సైకాలజీ కేంద్రం మొదలైంది. దాన్ని వైద్య శాస్త్రాల విభాగం కింద పెట్టడంలోనే దాని పని ఏమిటో ఉంది. దాన్ని నిలబెట్టి నడిపిన ఆచార్యురాలు మీనా హరిహరన్‌. ఇంటర్‌ అయిన పిల్లలు నేరుగా చేరి అయిదేళ్లు చదివే ఇంటిగ్రేటెడ్‌ ఎమ్మెస్సీ ఇక్కడి ప్రధాన కోర్సు, పైన పీహెచ్‌డీ. ఇక్కడ ముందుగా తీర్చుకోవాల్సిన సందేహం ఒకటుంది. సైకాలజీ అనగానే మనవాళ్లకు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల గుర్తొస్తుంది. మతి చలించినవాళ్లకు మందులిచ్చేవారు సైకియాట్రిస్టులు, వాళ్లు ఎంబీబీఎస్‌ చదివిన వైద్యులు. హెల్త్‌ సైకాలజీ చెప్పేవాళ్లు మందులు రాయరు. గుండె ఆపరేషన్‌ అయినవాళ్లు, షుగరున్నవాళ్లు, డయాలసిస్‌ మంచం మీద ఉన్నవాళ్లు, క్యాన్సర్‌ అని తెలిసి రంది పెట్టుకున్నవాళ్లు వీళ్ల మనుషులు. ఒంటికి వచ్చిన కష్టంలో మనసు పాత్ర ఎంత, ఇంటి పాత్ర ఎంత, జేబు పాత్ర ఎంత అని వీళ్లు లెక్కతీస్తారు. 1977లో జార్జ్‌ ఎంగెల్‌ అనే అమెరికా వైద్యుడు ‘సైన్స్‌’ పత్రికలో ఒక వ్యాసం రాసి, రోగాన్ని ఒంటి కోణం నుంచి మాత్రమే చూస్తే వైద్యం కుంటుతుందనీ, శరీరం, మనసు, సమాజం మూడూ కలిపి చూడాలనీ వాదించాడు. ఆ మరుసటి ఏడాదే అమెరికా సైకాలజీ సంఘంలో హెల్త్‌ సైకాలజీకి ప్రత్యేక శాఖ ఏర్పడింది. అంటే శాస్త్రంగా దీని వయసు యాభై ఏళ్లు కూడా నిండలేదు.

లెక్చరర్‌ రోజు సంగతికి వద్దాం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అధ్యాపకులు వారానికి 40 గంటలు పనిచేయాలి. అందులో అసిస్టెంట్‌ ప్రొఫెసర్‌ తరగతి గదిలో 16 గంటలు చెప్పాలి. వినడానికి పదహారు తక్కువే. ఆ పదహారు గంటల వెనక ఏముందో చెప్పేవాళ్లకే ఎరుక. మొదటి ఏడాది పిల్లలకు నాడీ వ్యవస్థ, హార్మోన్లు వివరించాలి. ఆ వెంటనే గణాంకాలు. ఇంటర్లో బైపీసీ చదివి లెక్కలు తప్పించుకున్నామనుకున్న పిల్లలు ఇక్కడ మళ్లీ వాటికే దొరికిపోతారు. పై తరగతులకు ఒత్తిడి, నొప్పి, వ్యసనాలు, దీర్ఘకాల జబ్బులు. మధ్యలో ప్రాక్టికల్‌ రికార్డులు దిద్దడం, ఇంటర్నల్‌ మార్కులు వేయడం, గ్రేడింగ్‌కు న్యాక్‌ బృందం వస్తుందంటే ఫైళ్లు సర్దడం. అసిస్టెంట్‌ ప్రొఫెసర్‌ ఒకేసారి నలుగురు పీహెచ్‌డీ విద్యార్థుల దాకా చూసుకోవచ్చు. ఒక్కొక్కరి అధ్యాయం చదివి, తప్పులకు గీతలు గీసి తిప్పి పంపేసరికి పొద్దుపోతుంది.

దీనికితోడు ఈ సబ్జెక్టుకే ప్రత్యేకమైన ఇంకో బరువుంది. ఒత్తిడి గురించి పాఠం చెప్పాక గది ఖాళీ అవుతుంది, ఒకరు మాత్రం కదలరు. ‘మేడం, ఒక్క నిమిషం’ అంటారు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదనో, ఇంట్లో నాన్న తాగి వస్తున్నాడనో, ఉత్తపుణ్యానికి గుండెలో దడ అనో మొదలవుతుంది. ఇక్కడ టీచరు పని ఎక్కడిదాకా, చికిత్స ఎక్కడి నుంచి అన్న గీత పాటించడం చాలా కష్టం. మార్కులు వేసే చెయ్యే కౌన్సెలింగ్‌ చేయకూడదన్నది ఈ వృత్తి నియమం. కాబట్టి పూర్తిగా విని, భయం పోగొట్టి, కౌన్సెలర్‌ దగ్గరికి తోడిచ్చి పంపాలి. వినకుండా పంపితే ఆ పిల్ల మళ్లీ ఎవరికీ చెప్పదు. విని ఇంటికి మోసుకుపోతే లెక్చరర్‌కు నిద్రుండదు. నెల జీతపు కాగితంలో ఎక్కడా కనిపించని పని ఇది. ఈ వృత్తిలో నేను అన్నిటికన్నా గౌరవించేది దీన్నే.

తరగతిలో చెప్పే పాఠాల్లో ఒకటి జుక్కల్‌ కోసమే రాసినట్టుంటుంది. 1950ల్లో అమెరికా ప్రజారోగ్య శాఖ క్షయను ముందే పట్టుకోవాలని ఎక్స్‌రే యంత్రాలను వ్యాన్లలో పెట్టి జనం ఇళ్ల దగ్గరికే పంపింది. పైసా తీసుకోలేదు. అయినా చాలామంది గడప దాటి రాలేదు. ఎందుకు రాలేదని గాడ్‌ఫ్రే హాక్‌బామ్‌ అనే సైకాలజిస్టు మూడు నగరాల్లో పన్నెండు వందల మందికి పైగా అడిగి చూశాడు. తనకు క్షయ రావచ్చనీ, ముందే తెలిస్తే మేలనీ రెండూ నమ్మినవాళ్లలో 82 శాతం మంది అంతకుముందు కనీసం ఒకసారైనా తమంతట తాము వెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నారు. రెండూ నమ్మనివాళ్లలో 21 శాతమే. వ్యాను ఇంటి ముందుకు వస్తే సరిపోదు, అవసరమన్న నమ్మకం ఇంట్లో ఉండాలి. మన ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి బీపీ చూసి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రమ్మని చెప్పి పోతుంది. ఎవరు వస్తారు, ఎవరు రారు, ఎందుకు రారు అన్నది ఆమెకు ఏ పుస్తకం చదవకుండానే సగం తెలుసు. మిగతా సగం కోసమే ఆ లెక్చరర్‌ కావాలి.

బీపీ విషయమే తీసుకుందాం. దానికి నొప్పి ఉండదు, మంట ఉండదు. నొప్పి లేని జబ్బుకు రోజూ గోలీ మింగమంటే మనిషికి బుద్ధి పుట్టదు. దీర్ఘకాల జబ్బులకు మందులు సరిగా వాడేవాళ్లు ధనిక దేశాల్లోనే సగటున సగం మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003 నాటి నివేదికలో తేల్చింది. హైదరాబాద్‌ కేంద్రం నుంచి 2015లో వచ్చిన ఒక పరిశోధన బీపీ రోగులనే తీసుకుని, డాక్టరు వాళ్లతో మాట్లాడే తీరుకూ, వాళ్లు చెప్పింది పాటించడానికీ ఉన్న ముడిని పరిశీలించింది. అంతకు ముందటి ఏడాది ఇదే బృందం ఇంటెన్సివ్‌ కేర్‌లో ఉండి వచ్చినవాళ్ల మీద పనిచేసింది. నాలుగు గోడల మధ్య, గొట్టాల నడుమ, రాత్రో పగలో తెలియని మనిషి మనసు మీద పడే గాయం, నర్సు చెప్పే ఒక మంచి మాటకు, ఇంటివాళ్లు కనబడే కాసేపటికి ఎంత తగ్గుతుందో చూసింది. ప్రాణాలు దక్కించుకుని ఇంటికొచ్చాక కూడా ఐసీయూ కలలోకి వచ్చి ఉలిక్కిపడి లేచేవాళ్లు మన చుట్టూ ఉన్నారు. వాళ్ల బాధ ఒక శాస్త్రం పుస్తకాల్లోకి ఎక్కిందన్న సంగతే వాళ్లకు తెలియదు.

ఇలాంటి పరిశోధన ఎలా జరుగుతుందో దగ్గర నుంచి చూస్తే దాని కష్టం అర్థమవుతుంది. ముందు ప్రశ్నావళి కావాలి. అది ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఒకరు తెలుగు చేస్తే, అసలుది చూడని ఇంకొకరు దాన్ని మళ్లీ ఇంగ్లిష్‌లోకి మారుస్తారు. రెంటినీ పక్కపక్కన పెట్టి ఎక్కడ బెసికిందో చూస్తారు. తర్వాత కొద్దిమంది మీద పరీక్షిస్తారు. ఎథిక్స్‌ కమిటీ ముందు దరఖాస్తు పెట్టాలి. మనుషుల మీద పరిశోధనకు ఐసీఎంఆర్‌ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలున్నాయి. ఆసుపత్రి అనుమతి కోసం సూపరింటెండెంట్‌ గది ముందు బెంచీ మీద కూర్చోవాలి. సారు రౌండ్స్‌లో ఉన్నారంటారు, మీటింగ్‌లో ఉన్నారంటారు. ఇవన్నీ అయ్యాక, అప్పుడు రోగి.

ఆ రోగి జుక్కల్‌ వైపు నుంచి వచ్చిన అవ్వ అనుకోండి. కాగితం మీద అయిదు గడులుంటాయి. ఎప్పుడూ లేదు, అరుదుగా, అప్పుడప్పుడు, తరచుగా, ఎల్లప్పుడూ. ‘గత నెల రోజుల్లో మీకు ఆందోళనగా అనిపించిందా?’ అని అడిగితే ఆమె గడిలో జవాబివ్వదు. కొడుకు సోయా అమ్మితే వచ్చిన పైసల నుంచి మొదలుపెడుతుంది. మనవరాలి పెండ్లి, దెగ్లూర్‌లో ఉన్న బిడ్డ కాపురం, మొన్న రాత్రి బుగులుతో లేచి కూర్చున్న ముచ్చట, అన్నీ వస్తాయి. మధ్యలో మరాఠీలోకి పోతుంది, మళ్లీ తెలుగులోకి వస్తుంది. పరిశోధక విద్యార్థి పెన్ను పట్టుకుని ఇది ‘తరచుగా’నా, ‘అప్పుడప్పుడు’నా అని తేల్చుకోలేక సతమతమవుతాడు. మంచి లెక్చరర్‌ ఆ పిల్లాడికి చెప్పే మాట ఒకటే: కాగితం పక్కన పెట్టు, ముందు విను, గడి సంగతి ఆమెనే అడిగి నింపుదువుగాని. ఆఖర్న వేలిముద్ర వేయించే ముందు ‘మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడైనా వద్దనొచ్చు, మీ వైద్యానికి ఏ అడ్డూ ఉండదు’ అని ఆమె భాషలో చెప్పాలి. సర్కారీ దవాఖానలో తెల్లకోటు వేసుకున్న మనిషికి వద్దని చెప్పవచ్చని మన పేదవాళ్లకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్క వాక్యం చెప్పడమే పెద్ద పని.

ఈ ప్రాంతానికి హెల్త్‌ సైకాలజీ అక్కర ఎంతుందో తెలియాలంటే కల్లు సంగతి మాట్లాడక తప్పదు. ఈత, తాటి చెట్ల నుంచి దిగిన కల్లు వేరు, దుకాణంలో సీసాల్లో అమ్మే మందు కల్లు వేరు. రెండోదాంట్లో క్లోరల్‌ హైడ్రేట్‌, డయాజెపామ్‌, అల్ప్రాజోలమ్‌ లాంటి మత్తు మందులు కలుపుతారు. 2015లో ఎక్సైజ్‌ అధికారులు కల్తీ మీద విరుచుకుపడి దుకాణాలు మూయిస్తే నిజామాబాద్‌, మహబూబ్‌నగర్‌ జిల్లాల దవాఖానలు నిండిపోయాయి. జుక్కల్‌ అప్పుడు నిజామాబాద్‌ జిల్లాలోనే ఉంది. కల్లు దొరక్క చేతులు వణికి, ఫిట్స్‌ వచ్చి, లేనివి కనబడి, పిచ్చిచూపులు చూస్తూ వందల మంది వచ్చారు. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎర్రగడ్డ ఆసుపత్రి వరండాల్లో కూడా వాళ్లే. మళ్లీ 2025 ఏప్రిల్‌లో, బాన్సువాడ పక్కనున్న నసురుల్లాబాద్‌ మండలం దుర్కి, అంకోల్‌, బీర్కూర్‌ మండలం దామరంచ గ్రామాల్లో కల్లు తాగినవాళ్లు మెడలు వంకరపోయి, పిచ్చిపిచ్చిగా చేస్తుంటే బాన్సువాడ ఏరియా ఆసుపత్రికి తెచ్చారు. అదే ఏడాది జులైలో హైదరాబాద్‌ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు పలువురిని పొట్టనపెట్టుకుంది.

ప్రతిసారీ మనం చేసేది రెండు పనులు. దుకాణం మీద దాడి, తాగినవాళ్లకు నీతిబోధ. అల్ప్రాజోలమ్‌కు అలవాటుపడిన ఒంటికి అది ఒక్కసారిగా అందకపోతే ఫిట్స్‌ రావడం శరీర ధర్మం. డాక్టరు చూస్తుండగా మోతాదు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి. పొలంలో పొద్దంతా ఒళ్లు వంచిన మనిషి పొద్దుమీకి నలుగురితో కూర్చుని సీసా తీసుకుంటాడు. ఆ ఘడియ, ఆ చోటు, ఆ దోస్తులు కూడా అలవాటులో భాగం. దుకాణానికి తాళం వేస్తే మందు పోతుంది, సాయంత్రం ఎక్కడికి పోతుంది? వ్యసనాల పాఠంలో లెక్చరర్‌ చెప్పేది అదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తెలంగాణ పురుషుల్లో 43 శాతం మంది మద్యం తాగుతామని చెప్పారు. పెద్ద రాష్ట్రాల్లో ఇంత ఎక్కువ ఇంకెక్కడా లేదు. దుకాణం మూసే రోజుకు ముందే గ్రామంలో వైద్యుడినీ, మాట్లాడే మనిషినీ సిద్ధం చేయకుండా దాడి చేయడం నా లెక్కలో తప్పు. 2015 అనుభవం తర్వాత ఆ తప్పుకు సాకు లేదు.

అయితే ఈ శాస్త్రం జుక్కల్‌కు నేర్పేది మాత్రమే ఉందనుకుంటే పొరపాటు. జుక్కల్‌ నుంచి నేర్చుకోవాల్సిందీ ఉంది.

సరిహద్దు ఊళ్లలో అఖండ హరినామ సప్తాహాలు జరుగుతాయి. ఏడు రోజులు భజన, కీర్తన, పారాయణ. మెడలో తులసిమాల వేసుకుని విఠలుడి పేరు మీద పండరిపురం పోయివచ్చే వార్కరీలు మద్యం, మాంసం ముట్టరు. మద్నూర్‌ మండలం సలాబత్‌పూర్‌ గుడిలో హనుమంతుణ్ని పక్క రాష్ట్రాలవాళ్లు కూడా వచ్చి కొలుస్తారు. ఇక శీతాకాలం వస్తే అయ్యప్ప మాల. డాక్టరు పదిసార్లు చెప్పినా, భార్య పుట్టింటికి పోతానని బెదిరించినా మానని మనిషి, మాల వేసుకున్న రోజు నుంచి 41 రోజులు చుక్క ముట్టడు. ఇది మనమందరం చూసిందే. భక్తి అని ఒక్క మాటలో తేల్చేసి వదిలేస్తాం. సైకాలజీ లెక్చరర్‌ వదలకూడదు.

ఆ దీక్షలో ఏమేం జరుగుతున్నాయో వరసగా చూడండి. నలుగురి ముందు ఒట్టు పడింది. బట్టల రంగు మారింది, కాబట్టి ఎవరికీ చెప్పకుండానే అందరికీ తెలిసింది. పిలుపు మారింది. నిన్నటిదాకా ‘అరేయ్‌’ అన్న దోస్తు కూడా ఇవాళ ‘స్వామీ’ అంటాడు. పొద్దున చన్నీళ్ల స్నానం, పూజ, సాయంత్రం భజన. అంటే తాగే ఘడియకు ఇంకో పని దొరికింది. పాత జట్టు స్థానంలో కొత్త జట్టు వచ్చింది. ఇంట్లో భార్య, తల్లి ఆ కొన్నాళ్లు అతన్ని వేరే కళ్లతో చూస్తారు. గడువు కూడా ఉంది. జన్మంతా మానమంటే గుండె జారుతుంది, 41 రోజులంటే చేయగలననిపిస్తుంది. తాను చేయగలనన్న ఆ నమ్మకం ఎంత బలమైనదో ఆల్బర్ట్‌ బందూరా 1977లోనే సిద్ధాంతంగా రాశాడు. పాశ్చాత్య పుస్తకాల్లో విడివిడి అధ్యాయాలుగా ఉన్నవన్నీ మన గురుస్వామి ఒకే దీక్షలో కూర్చిపెట్టాడు.

మరి 42వ రోజు? మాల తీసిన సాయంత్రమే సీసా పట్టేవాళ్లనూ చూస్తాం. అక్కడ కూడా శాస్త్రం పనికొస్తుంది. బట్టలు, పిలుపు, జట్టు, వేళ అన్నీ ఒకేసారి ఊడిపోయాయి. పాత సాయంత్రం మాత్రం అక్కడే ఉంది. ఒక్కసారి తాగాక ‘ఇంకేముంది, పోనే పోయింది’ అని మనిషి పూర్తిగా చెయ్యి వదిలేయడం గురించి అలాన్‌ మార్లాట్‌ 1980ల్లో విస్తారంగా రాశాడు. ఒక్క జారుడును ఓటమిగా లెక్కపెట్టకుండా ఆపగలిగితే చాలావరకు నిలదొక్కుకుంటారన్నది ఆయన పని సారం. మాల తీసే రోజుకు ముందు వారం, గుడి దగ్గరే, గురుస్వామి పక్కనే కూర్చుని తర్వాతి నెల రోజుల సాయంత్రాలు ఎలా గడపాలో ఒక్కొక్కరితో మాట్లాడే మనిషి ఉంటే? వార్కరీల్లో మాల జీవితాంతం ఉంటుంది, జట్టు జీవితాంతం ఉంటుంది. రెంటికీ తేడా ఎక్కడుందో, ఫలితం ఎలా మారుతోందో జుక్కల్‌, మద్నూర్‌, బిచ్కుంద మండలాల్లో చూసినంత దగ్గరగా ఇంకెక్కడా చూడలేం. పీహెచ్‌డీకి అంశం దొరకడం లేదనే పిల్లలకు ఇంతకంటే మంచి పొలం ఎక్కడుంది?

అలవాటు మార్చడం పనిగా పెట్టుకుంటే సర్కారీ దవాఖానలో కూడా సాధ్యమేనని చెప్పడానికి దూరం పోనక్కర్లేదు, బాన్సువాడ చాలు. అక్కడి మాతాశిశు ఆసుపత్రికి 2022లో తల్లిపాలను ప్రోత్సహించే ఆసుపత్రిగా జాతీయ స్థాయి గుర్తింపు వచ్చింది. ఇంతకుముందు చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. ఆపరేషన్‌ అయిన తల్లికి నొప్పి, మత్తు, భయం. ‘పాలు రావట్లేదు, డబ్బా పాలు పట్టండి’ అనేవాళ్లు గది నిండా ఉంటారు. కాన్పు తర్వాతి తొలి గంటలో బిడ్డను తల్లి రొమ్ముకు అంటించడం మందుతో అయ్యే పని కాదు. పక్కన నిలబడి ‘వస్తాయమ్మా, బిడ్డను ఇట్ల పట్టుకో’ అని చెప్పే మనిషి వల్ల అవుతుంది. అత్తకు నచ్చచెప్పాలి, భర్తకు నచ్చచెప్పాలి. వాళ్లెవరూ ఈ సబ్జెక్టు చదవలేదు, నర్సులు, ఆయాలు. పాఠ్యపుస్తకంలో మనం రాసుకునేది వాళ్లు చేతులతో చేస్తున్నారు. లెక్చరర్లు తమ విద్యార్థులను అక్కడికి తెచ్చి చూపించాలి.

ఇక నన్ను కలతపెట్టే సంగతి. జుక్కల్‌ బడిలో చదువుకునే అమ్మాయి ఈ లెక్చరర్‌ ఉద్యోగందాకా ఎలా పోతుంది? ఈ సరిహద్దు మండలాల్లో మరాఠీ మాధ్యమం బళ్లున్నాయి. అక్కడ చదివిన పిల్ల తర్వాత తెలుగులోకి, ఆ తర్వాత ఇంగ్లిష్‌లోకి మారుతుంది. డిగ్రీకి దగ్గర్లో బిచ్కుంద ప్రభుత్వ కళాశాల, కాదంటే బాన్సువాడ. హైదరాబాద్‌లో అయిదేళ్ల ఎమ్మెస్సీలో చేరాలంటే సీయూఈటీ ప్రవేశ పరీక్ష రాయాలి, ఇంటర్‌ అయిన పద్దెనిమిదేళ్ల పిల్లను హాస్టల్‌కు పంపే ధైర్యం ఇంట్లో ఉండాలి. పెళ్లయ్యాకో, ఉద్యోగం చేస్తూనో సైకాలజీ చదవాలనుకునేవాళ్లకు ఇన్నాళ్లూ దూరవిద్య ఒక దారి. 2025 జులై, ఆగస్టు విద్యా సంవత్సరం నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పకూడదని యూజీసీ ఆదేశించింది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి ఈ చదువు వచ్చింది కాబట్టి, రోగుల మధ్య శిక్షణ లేకుండా పట్టా ఇవ్వకూడదన్నది దాని వెనక ఆలోచన. ఆ ఆలోచన సరైనదే. మనిషిని ముందు కూర్చోబెట్టుకుని వినడం పోస్టులో వచ్చే పుస్తకంతో రాదు. కానీ ఒక దారి మూసినప్పుడు ఇంకొకటి తెరవాలి. బిచ్కుంద, బాన్సువాడ డిగ్రీ కళాశాలల్లో సైకాలజీ ఒక సబ్జెక్టుగా వస్తే, ప్రాక్టికల్స్‌ బాన్సువాడ ఏరియా ఆసుపత్రిలో జరిగితే, ఆ పిల్లకు హైదరాబాద్‌ తొలి మెట్టు కానక్కర్లేదు.

అలా ఒక పిల్ల చదివి, నెట్‌ గానీ సెట్‌ గానీ పాసై, పీహెచ్‌డీ చేసి వచ్చినా రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఖాళీలు ఏళ్లతరబడి నిండవు. కాంట్రాక్టు, పార్ట్‌టైమ్‌ పేరుతో అదే పాఠం, అవే రికార్డులు, అదే ‘మేడం, ఒక్క నిమిషం’. జీతంలో మాత్రం ఎంతో తేడా. ఏడాది చివర మళ్లీ తీసుకుంటారో లేదో తెలియని మనిషి, మూడేళ్లపాటు ఊళ్లు తిరిగి చేయాల్సిన పరిశోధనకు ఎలా పూనుకుంటుంది? దగ్గరున్న నలుగురు కాలేజీ పిల్లలకు కాగితాలు పంచి, ఒక నెలలో వ్యాసం ముగించుకుంటుంది. మన సైకాలజీ పరిశోధనల్లో కాలేజీ విద్యార్థులు అంతమంది కనబడి, రైతు కూలీలు, కల్లు దుకాణం దగ్గర కూర్చునే తాతలు కనబడకపోవడానికి ఇదొక కారణం. తప్పు ఆ లెక్చరర్‌ది కాదు.

జరగాల్సింది పెద్ద బడ్జెట్ల పనేమీ కాదు. హెల్త్‌ సైకాలజీ ఎమ్మెస్సీలో విద్యార్థులు ఎలాగూ ఆసుపత్రుల్లో శిక్షణ పొందాలి. నగరంలోని కార్పొరేట్‌ ఆసుపత్రుల బదులు ఒక సెమిస్టరు బాన్సువాడకు పంపొచ్చు, అక్కడి నుంచి వారానికి రెండు రోజులు జుక్కల్‌ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి. మరాఠీ, కన్నడ వచ్చిన పిల్లలను ముందు పంపాలి. బీపీ, షుగరు గోలీలు పంచే రోజున ఓపీ పక్కన ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టి, గోలీ ఎందుకు ఆపేశారో అడిగి రాసుకొమ్మనాలి. ఆశా కార్యకర్తకు తెలిసిన సగం వాళ్లు నేర్చుకోవాలి, వాళ్లకు తెలిసిన సగం ఆమెకు నేర్పాలి. లెక్చరర్‌ నెలకోసారి వచ్చి ఆ నోటు పుస్తకాలు చూడాలి. వాహన ఖర్చు, ఉండటానికి గది, తరగతుల సమయపట్టికలో రెండు రోజుల వెసులుబాటు, ఇంతే కావాలి.

అప్పటిదాకా ఈ ఊళ్లవాళ్లకు అందుబాటులో ఉన్నది ఒక ఫోన్‌ నంబరు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలిమానస్‌ది. 14416కు రాత్రీపగలూ ఎప్పుడు చేసినా పైసా ఖర్చు లేదు. తెలుగులో మాట్లాడొచ్చు, మరాఠీలో మాట్లాడొచ్చు, కన్నడలో మాట్లాడొచ్చు. జుక్కల్‌ ఆరోగ్య కేంద్రం గోడ మీద ఈ నంబరును మూడు భాషల్లోనూ పెద్ద అక్షరాలతో రాయించాలి. అంగడి రోజు వచ్చే జనమంతా చదువుతారు.